రెండు నెలల హక్కు: బెంటన్‌విల్ నుంచి బందరు దాకా

1996 జూన్‌లో జె.సి.పెన్నీ దుకాణాలకు సరుకు కొనే ఉద్యోగిని ఒకామె సమారా బ్రదర్స్ అనే పిల్లల దుస్తుల సంస్థకు ఫోన్ చేసి నిష్ఠూరమాడింది. ఒప్పందం ప్రకారం తాము ఫలానా ధరకు తగ్గించి అమ్మకూడని దుస్తులు వాల్‌మార్ట్‌లో అంతకంటే చౌకగా ఎలా దొరుకుతున్నాయన్నది ఆమె ఫిర్యాదు. వాల్‌మార్ట్‌కు మేము సరుకే ఇవ్వమని అవతలి నుంచి జవాబు వచ్చింది. అనుమానం వచ్చిన సమారా అధికారులు ఆరా తీస్తే వాల్‌మార్ట్‌లోనే కాదు, కె-మార్ట్, కాల్డర్, హిల్స్, గూడీస్ దుకాణాల్లో కూడా తమ దుస్తులకు నకళ్ళు అమ్ముడవుతున్నాయని తేలింది.

అసలు కథ అంతకు ఏడాది ముందే మొదలయింది. 1995లో వాల్‌మార్ట్ తనకు సరుకు తయారుచేసి ఇచ్చే జూడీ-ఫిలిప్పీన్ అనే సంస్థకు మరుసటి వేసవి కోసం పిల్లల దుస్తులు పురమాయించింది. అవి ఎలా ఉండాలో వివరించడానికి సమారా దుస్తుల ఫోటోలు పంపింది. సమారా దుస్తులు సీర్‌సకర్ అనే ముడతల నూలుబట్టతో కుట్టినవి. వాటిమీద హృదయాలు, పూలు, పళ్ళ ఆకారాల్లో కత్తిరించి కుట్టిన అతుకుబొమ్మలు ఉంటాయి. జూడీ-ఫిలిప్పీన్ వాటిలో 16 నమూనాలను స్వల్పమైన మార్పులతో దించేసింది. ఆ నకళ్ళమీద 1996లో వాల్‌మార్ట్‌కు వచ్చిన స్థూల లాభం 11 లక్షల 50 వేల డాలర్లకు పైమాటే.

ఈ వివరాలన్నీ 2000 మార్చి 22న వెలువడిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు మొదటి పేజీల్లో ఉన్నాయి. అందులో కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, కుట్టించినవాళ్ళు అందరూ పేరుపేరునా కనిపిస్తారు. ఆ పూలూ పళ్ళూ గీసిన మనిషి పేరు మాత్రం లేదు. వ్యాజ్యానికి ఆ పేరు అవసరం కాలేదు.

వాల్‌మార్ట్ ముఖ్య కార్యాలయం ఉన్న బెంటన్‌విల్ ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న ఊరు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఆ సంస్థలోనో, దానికి సరుకు అమ్మే సంస్థల్లోనో పనిచేస్తారు. నాబోటి వైద్యులు వాళ్ళ రక్తపోటు చూసి బతుకుతారు. కాబట్టి ఈ వ్యాసం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడంలా కనిపించవచ్చు. కానీ నా ఆసక్తి ఒక సంస్థ మంచిచెడ్డల మీద లేదు. ఒక బొమ్మను ఒకరు గీసి మరొకరు అమ్ముకున్నప్పుడు చట్టం ఎవరి పక్కన, ఏ ఆధారంతో నిలబడుతుందన్నదే నాకు పట్టిన ప్రశ్న. ఆ ప్రశ్నకు మొదటి జవాబు ఈ ఊళ్ళో కాక మన బందరులో, మూడు వందల ఏళ్ళ కిందట వెతకాలని చదువుతూపోయిన కొద్దీ నాకు అర్థమయింది.

ముందు ఊరి సంగతి. శామ్ వాల్టన్ 1950లో బెంటన్‌విల్ కూడలిలో ఒక చిల్లర దుకాణం తెరిచాడు. ఇప్పుడది మ్యూజియం. 1962లో పక్క ఊరు రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ వెలిసింది. తాను చేసినవాటిలో చాలా మట్టుకు ఇతరుల దుకాణాలు చూసి నేర్చుకున్నవేనని 1992లో వచ్చిన తన ఆత్మకథలో ఆయన దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. 1983లో మొదలైన శామ్స్ క్లబ్‌కు శాన్‌డియేగోలో సోల్ ప్రైస్ నడిపిన ప్రైస్ క్లబ్ మాతృక. ఇందులో తప్పేమీ లేదనే నా అభిప్రాయం. అరల మధ్య ఎంత ఖాళీ వదలాలి, సరుకు ఎలా పేర్చాలి వంటి ఆలోచనలకు యజమానులు ఉండరు, ఉండకూడదు కూడా. ఒక ఆసుపత్రిలో ప్రాణాలు నిలిపిన పద్ధతిని మరో ఆసుపత్రి అనుకరించకపోతే అది నేరం. చిక్కల్లా, ఆలోచనను ఎత్తుకోవడానికి అలవాటు పడిన చెయ్యి బొమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆగకపోవడంతోనే.

సమారా న్యూయార్కు ఫెడరల్ కోర్టులో దావా వేసింది. మిగిలిన దుకాణాలు విచారణకు ముందే రాజీపడ్డాయి. వాల్‌మార్ట్ నిలబడి పోరాడింది. జ్యూరీ సమారా పక్షాన తీర్పు చెప్పింది. నష్టపరిహారం, వడ్డీ, ఖర్చులు కలిపి దాదాపు 16 లక్షల డాలర్లు. దావాలో రెండు ప్రధాన వాదనలున్నాయి. ఒకటి కాపీరైట్: దుస్తులమీది అతుకుబొమ్మల్లో కొన్ని మావిగా నమోదైన బొమ్మలు, వాటిని దించారు. రెండోది ట్రేడ్ డ్రెస్, తెలుగులో సరుకు వేషం అందాం: ఆ బట్ట, ఆ మెడపట్టీ, ఆ బొమ్మలు అన్నీ కలిసి ఇది సమారాదే అని చెప్పే మొత్తం రూపాన్ని దించారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఈ రెండో వాదనే.

తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా వాల్‌మార్ట్ వాదనను ఒప్పుకున్నారు. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా తర్కం ఇది: వస్తువు రూపాన్ని చూసి కొనేవాడు దాన్ని అందంగానో, ఉపయోగంగానో చూస్తాడు తప్ప అది ఎవరు చేశారో చెప్పే గుర్తుగా చూడడు. పెంగ్విన్ ఆకారంలో కాక్‌టెయిల్ గిన్నె చేసినా అంతే. కాబట్టి ఫలానా రూపం అంటే ఫలానా సంస్థే అని జనం మనస్సులో ముద్రపడిందని నిరూపిస్తే తప్ప ఆ రూపానికి ట్రేడ్‌మార్క్ చట్టం రక్షణ ఇవ్వదు. బొమ్మల సంగతి అంటారా, దానికి కాపీరైట్ ఉంది, డిజైన్ పేటెంటు ఉంది, సమారా కొన్నిటికి అలా రక్షణ పొందింది కూడా కదా అని తీర్పు గుర్తుచేసింది.

నిజం చెప్పాలంటే ఈ తర్కం చెడ్డది కాదు. ప్రతి మెడపట్టీకీ ఒక యజమాని ఉంటే మన పిల్లలకు బట్టలు కొనలేం. కానీ ముద్ర పడడానికి ఏళ్ళూ, ప్రకటనల సొమ్మూ కావాలి. ఒక వేసవిలో గీసి మరుసటి వేసవిలో నకలైపోయిన బొమ్మకు జనం మనస్సులో నాటుకునే వ్యవధి ఎక్కడిది? ఇక్కడ చట్టం అడిగే ప్రశ్న ‘ఎవరు గీశారు’ అని కాదు, ‘ఎవరిదని జనం అనుకుంటున్నారు’ అని. దానికి జవాబు ఎప్పుడూ పెద్ద దుకాణానికే అనుకూలంగా ఉంటుంది. సమారాకు చివరికి చేతిలో మిగిలింది నమోదు కాయితం ఉన్న ఆ కొద్దిపాటి బొమ్మలమీద హక్కే.

కాయితం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇదే ఊరి ఇంకో కథ ఉంది. గుండ్రని పచ్చని మొహం, రెండు చుక్కల కళ్ళు, ఒక నవ్వు గీత. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో హార్వీ బాల్ అనే చిత్రకారుడు 1963లో ఒక బీమా సంస్థ కోసం దీన్ని గీశాడు. సంస్థల విలీనంతో నీరసపడిన ఉద్యోగులకు ఉత్సాహం కలిగించడానికట. పది నిమిషాల పని, 45 డాలర్ల ప్రతిఫలం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అచ్చులోకి వచ్చే బొమ్మమీద కాపీరైట్ ప్రకటన ముద్రించి తీరాలి. బాల్ ముద్రించలేదు, నమోదూ చేయలేదు. బొమ్మ లోకం సొత్తయింది. 1970ల తొలి రోజుల్లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు అన్నదమ్ములు దానికొక శుభాకాంక్ష జోడించి కోట్ల కొద్దీ బిళ్ళలు అమ్మారు. ఫ్రాన్సులో ఫ్రాంక్లిన్ లుఫ్రానీ అనే పాత్రికేయుడు దాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుని దేశదేశాల్లో వ్యాపారం నడిపాడు.

1996లో, అంటే సమారా నకళ్ళు అమ్ముడవుతున్న సంవత్సరంలోనే, వాల్‌మార్ట్ ఆ పచ్చ మొహాన్ని తన ధర తగ్గింపు ప్రకటనలకు గుర్తుగా పెట్టుకుంది. తరువాత అమెరికాలో అది తమకే చెందిన గుర్తు అనే వాదన మొదలుపెట్టి, లుఫ్రానీతో ట్రేడ్‌మార్క్ కార్యాలయంలోనూ, ఆపైన కోర్టులోనూ ఏళ్ళ తరబడి పోరాడింది. 2008లో జార్జియాలోని ఫెడరల్ కోర్టు వేరే వ్యాజ్యంలో, తనను ఎగతాళి చేస్తూ టీషర్టులు వేసిన ఒక విమర్శకుడిమీద వాల్‌మార్ట్ కాలుదువ్విన సందర్భంలో, ఆ మొహంమీద సంస్థ తన హక్కు నిరూపించుకోలేకపోయిందని తేల్చింది. 2011లో లుఫ్రానీతో రాజీ కుదిరింది. 2016లో పచ్చ మొహం మళ్ళీ దుకాణాల్లోకి వచ్చింది. సమారా కేసులో రూపానికి యజమాని ఉండడన్న సంస్థే నవ్వు మొహం దగ్గర యజమానిగా నిలబడాలని చూసింది. ఇందులో వైరుధ్యం ఉందని వకీళ్ళు ఒప్పుకోరు. రెండు చోట్లా వాళ్ళు అడిగింది ఒకటే, జనం ఎవరిదనుకుంటున్నారని. హార్వీ బాల్ 2001లో పోయాడు. తన 45 డాలర్ల గురించి ఆయన పెద్దగా విచారించలేదని ఆయన కుమారుడు చెప్పిన మాట పత్రికల్లో వచ్చింది.

బెంటన్‌విల్ కూడలి నుంచి అడవిదారిలో కాసేపు నడిస్తే క్రిస్టల్ బ్రిడ్జెస్ కళామ్యూజియం వస్తుంది. శామ్ వాల్టన్ కుమార్తె ఆలిస్ వాల్టన్ స్థాపించిన ఈ మ్యూజియం 2011 నవంబరు 11న తెరుచుకుంది. ప్రవేశం ఉచితం. జార్జియా ఓకీఫ్ గీసిన ఉమ్మెత్తపువ్వు చిత్రం 2014 వేలంలో 4 కోట్ల 44 లక్షల డాలర్లు పలికి ఇక్కడికి చేరింది. ఒక పువ్వుకు ఇంత ధర, ఒక నవ్వుకు 45 డాలర్లు. ఓకీఫ్ పువ్వు గొప్పదే, నేను కాదనను. కానీ ఆ ధరలో రంగుల వాటా ఎంతో, పక్కన గోడమీద చిన్న అట్టముక్కపై ఉన్న పేరు వాటా ఎంతో ఆలోచించక తప్పదు. ఆ గోడలమీద పేరు లేని బొమ్మ దొరకడం కష్టం. నడకదూరంలో ఉన్న దుకాణం అరల్లో పేరున్న బొమ్మ దొరకడం అంతకంటే కష్టం.

ఇక బందరు దారి. సమారా గౌన్ల బట్ట పేరు సీర్‌సకర్ అని చెప్పాను. అది షీర్-ఓ-షక్కర్ అనే పారశీక మాటకు వికృతి. పాలూ పంచదారా అని అర్థం. ఒక గీత నునుపుగా, ఒక గీత గరుకుగా ఉండే ఆ బట్టను మన దేశం నుంచి కంపెనీ ఓడలు పశ్చిమానికి మోసుకుపోయాయి. చీటీ గుడ్డ నుంచి చింట్జ్, కళ్ళికోట నుంచి కాలికో పుట్టినట్టే ఇదీ పుట్టింది. అంటే పిల్లల దుస్తుల కేసు మన బట్టల పేర్లతోనే మొదలయిందన్నమాట.

కలంకారీ కూడా పారశీక పదమే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఆ అద్దకానికి ప్రపంచ రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. ఐరోపావారిని నిజంగా అబ్బురపరచింది బొమ్మకంటే రంగు. వాళ్ళ గుడ్డలమీద పూసిన రంగు ఉతికితే పోయేది. మనవాళ్ళ రంగు ఉతికినకొద్దీ తేలేది. ముందు కరక్కాయలూ గేదెపాలలో బట్టను నానబెట్టి, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరవేసిన కషాయంతో నల్లగీతలు గీసి, ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూసి, అప్పుడు చిరివేరు కషాయంలో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, తక్కిన చోట కడిగితే పోతుంది. అంటే చిత్రకారుడు గీసేటప్పుడు ఎరుపు కంటికి కనబడదు. కనబడని రంగుతో బొమ్మ గీయడం ఎంత సాధనతో వస్తుందో ఆలోచించండి. కృష్ణా ముఖద్వారానికి దక్షిణాన పెద్దపల్లి, అంటే నేటి నిజాంపట్నం, ప్రాంతపు చిరివేరుకు 17వ శతాబ్దపు వర్తకుల రాతల్లో ప్రత్యేకమైన పేరుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బొమ్మలు మొదటినుంచీ మనవి, నకళ్ళు వాళ్ళవి అన్నంత సులువు కాదు ఈ చరిత్ర. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్ కొఠీకి రాసిన ఒక లేఖ ప్రసిద్ధం. పంపే దుప్పట్ల నేల ముదురు ఎరుపు కాకుండా తెల్లగా ఉండాలని, నడుమ పూలూ కొమ్మలూ చిత్రకారుడి ఇష్టానుసారం వేయించమని దాని సారాంశం. 1660ల నాటికి ఆ ఇష్టాన్ని కూడా వదల్లేదు. ఇంగ్లండు నుంచే నమూనాలు పంపి గీయించుకోవడం మొదలయింది. మ్యూజియాల్లో భారతీయ కల్పవృక్షంగా మనం చూసి మురిసే పూలచెట్టులో పారశీకం, చైనా, ఇంగ్లండు అన్నీ కలిసివున్నాయని జాన్ అర్విన్ వంటి పండితులు చూపించారు. కోరమండలం పనివాడు ఆ పరాయి చెట్టును తన చేతితో, తన రంగుతో గీసి మరోటి చేశాడు. నకలులోంచి కొత్తది పుట్టడమంటే అదీ. ఆ వర్తక లేఖలో చిత్రకారుడి ఇష్టం అన్న ముక్క ఉండడమే నాకు విశేషంగా తోస్తుంది. తరువాతి శతాబ్దాల ఒప్పందాల్లో ఆ ముక్క కోసం వెతుక్కోవాలి.

పశ్చిమం ఆ పనిని ఎలా సొంతం చేసుకుందో చూద్దాం. 1676లో లండన్ దగ్గర వెస్ట్ హామ్‌కు చెందిన విలియం షెర్విన్ కాలికో గుడ్డ అచ్చువేసే పద్ధతికి రాజుగారి దగ్గర పేటెంటు పొందాడు. అందులో తన పద్ధతిని వర్ణించుకుంటూ ఈస్టిండియా అద్దకానికి ఇదే అసలైన మార్గమని రాసుకున్నాడు. అసలైనది అన్న బిరుదు నకలుకు దక్కిన తొలి కాయితాల్లో ఇదొకటి. ఫ్రాన్సు 1686లో భారతీయ చీటీ గుడ్డలనూ, వాటి అనుకరణలనూ నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో చేసిన చట్టం మన రంగుబట్టల దిగుమతిని ఆపింది గాని తెల్లబట్టను ఆపలేదు. ఆ తెల్లబట్టమీద లండన్ అద్దకాలు బలిశాయి. 1721 చట్టం రంగుల నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధించినా, ఎగుమతికోసం అద్దే పని ఆగలేదు.

ఇంకా మిగిలింది రంగు నిలిపే రహస్యం. 1730లలో బ్యూలియో అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో పనివారి పక్కన కూర్చుని ప్రతి దశలోనూ ఒక గుడ్డముక్క కత్తిరించి దాచుకున్నాడు. 1742లో గాస్టన్-లారెంట్ కేర్దూ అనే ఏసుసభ గురువు, కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపు పనివారిని అడిగి తెలుసుకున్న పద్ధతినంతా పారిస్‌కు సుదీర్ఘమైన లేఖగా రాశాడు. లేఖ అచ్చయింది. ఐరోపా అద్దకందారులకు పాఠ్యగ్రంథమయింది. ఈ కేర్దూ మనకు పరాయివాడు కాదు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని విలియం జోన్స్ ప్రసంగానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1767లో, ఫ్రెంచి అకాడమీకి రాసి పంపినవాడు.

కేర్దూ కథకు ఒక చమత్కారమైన ముగింపు ఉంది. హిందువుల ఆచార వ్యవహారాల గురించి అబే దుబువా రాసిన గ్రంథం మనలో చాలామందికి తెలుసు. దాని రాతప్రతిని ఈస్టిండియా కంపెనీ మద్రాసులో 2000 వరహాలిచ్చి కొని, 1816లో ఇంగ్లీషులో అచ్చువేయించింది. దుబువాకు గొప్ప పేరొచ్చింది. సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు పాత రాతప్రతులు తిరగేసి, ఆ గ్రంథానికి పెద్ద భాగం కేర్దూ రాసి వదిలిన రచనే ఆధారమని 1987 నాటికి నిరూపించింది. పనివారి దగ్గర విద్య రాసుకున్నవాడి రచనను ఇంకొకరు రాసుకున్నారు, దాన్ని ఒక కంపెనీ కొన్నది. అయితే కేర్దూకు ఆయన పేరు తిరిగి దక్కింది, ఎందుకంటే ఆయన రాతప్రతి ఎక్కడో మిగిలింది. ఆయనకు చిరివేరు రహస్యం చెప్పినవారు కాయితమేదీ వదలలేదు. వాళ్ళ పేర్లు వాళ్ళతోనే పోయాయి.

ఇప్పుడు 1787కు వద్దాం. ఆ సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు లినెన్, నూలు, కాలికో, మస్లిన్ గుడ్డలమీద కొత్త బొమ్మలు వేసేవారికి హక్కు ఇచ్చింది. బట్టమీది బొమ్మకు ఇంగ్లండులో దొరికిన మొదటి చట్టబద్ధమైన రక్షణ ఇదే. గడువు రెండు నెలలు! 1735లో హోగార్త్ పట్టుబట్టి సాధించిన చట్టం లోహఫలకాల చిత్రకారులకు 14 ఏళ్ళు ఇస్తే, బట్టల బొమ్మలకు రెండు నెలలు చాలనుకున్నారు. 1794లో దాన్ని మూడు నెలలు చేశారు. చట్టంలో ఇంకో నియమం ఉంది. హక్కు కావాలంటే తానుకు రెండు కొసలా యజమాని పేరు అచ్చువేయాలి. గీసినవాడి పేరు కాదు, గీయించి యజమాని అయినవాడి పేరు. ఒక శతాబ్దం పాటు కోరమండలం బట్టలను అనుకరించి ఎదిగిన లండన్ అద్దకందారులు, లాంకషైర్‌లో తమను అనుకరిస్తున్నవారి బారినుంచి కాపాడమని వేడుకుంటే పుట్టిన చట్టం ఇది. రక్షణ మొదట దొరికింది నకలు చేసినవాడికి. అతనికి పార్లమెంటు దగ్గర ఉంది, పేరు వేసుకోవడానికి తాను కొస ఉంది.

మన దేశంలో ఇవాళ్టి సంగతి దీనికి ఎంతో దూరంలో లేదు. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షను ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన బొమ్మను నమోదు చేయకుండా పారిశ్రామిక ప్రక్రియలో 50 కంటే ఎక్కువ వస్తువులమీద వేస్తే దానిపై కాపీరైట్ పోతుంది. ఢిల్లీ హైకోర్టు 2016లో రితు కుమార్ సంస్థ బిబా సంస్థమీద వేసిన దావాలో ఈ సెక్షన్నే చూపి రక్షణ నిరాకరించింది. డబ్బూ, వకీళ్ళూ ఉన్న సంస్థకే ఇలా అయితే, పెడనలో చెక్క అచ్చులతో చీరలు అద్దే కుటుంబం 50వ చీర దాటడానికి ఎన్ని రోజులు పడుతుంది? చేతి అచ్చు పారిశ్రామిక ప్రక్రియలోకి వస్తుందా అన్నది వాదించదగిన విషయమే. ఆ వాదన చేయడానికి హైదరాబాదులోనో ఢిల్లీలోనో వకీలును పెట్టుకోవడం వారికి అయ్యే పని కాదు. పోనీ నమోదు చేద్దామంటే డిజైన్ల చట్టం కొత్తదనం అడుగుతుంది. తాత చెక్కించిన అచ్చు కొత్తది కాదు.

దీనికి జవాబుగా వచ్చినదే భౌగోళిక గుర్తింపు. 1999లో చేసిన చట్టం 2003లో అమలులోకి వచ్చాక పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ ఆ జాబితాలో చేరాయి. మనవాళ్ళు దీన్ని పేటెంటు అని పొరబడుతుంటారు. ఆ చట్టం కాపాడేది పేరును. శ్రీకాళహస్తి అని చెప్పి వేరే చోట చేసిన బట్ట అమ్మకూడదు. అంతే. అదే కల్పవృక్షాన్ని, అదే నెమలిని మిల్లులో అచ్చువేసి ఊరి పేరు చెప్పకుండా అమ్మితే ఆ చట్టం దాని జోలికి రాదు. ఊరికి హక్కు వచ్చింది, బొమ్మకు రాలేదు. 2021లో సబ్యసాచి ముఖర్జీ రూపకల్పన చేయగా హెచ్ అండ్ ఎమ్ సంస్థ అమ్మిన దుస్తులమీద యంత్రపు అచ్చులు సాంగనేరు బొమ్మలను పోలివున్నాయని చేతిపని సంఘాలు బహిరంగ లేఖ రాసినప్పుడు కూడా ఎవరూ కోర్టుకు వెళ్ళదగిన తప్పు చూపలేకపోయారు. ఉన్నది బాధే.

పెద్ద సంస్థలను మాత్రమే తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. పెడనలోనే స్క్రీన్ ప్రింటింగు చెక్క అచ్చును పక్కకు నెట్టింది. కలంకారీ ప్రింటు అని అడిగి మరీ చవక చీర కొనేది మనమే, మన సంఘాల ఉగాది సభలకు కట్టుకొచ్చేదీ మనమే. పక్కింటి అచ్చు చూసి తన అచ్చు చెక్కించుకోవడం ఆ వృత్తిలో తప్పు కాదు. గురువు గీత శిష్యుడికి చేరేది కూడా అనుకరణలోనే. 1957లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం తెరిచినప్పుడు జొన్నలగడ్డ లక్ష్మయ్య నేర్పింది అలాగే. ఆ కుటుంబపు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శిష్యుడు దించినప్పుడు విద్య ఇంకో చేతికి చేరుతుంది. ఫోటో తీసి జూడీ-ఫిలిప్పీన్‌కు పంపినప్పుడు చేరేది బొమ్మ మాత్రమే. ఈ రెంటికీ తేడా ఏ చట్టంలోనూ రాసి లేదు.

నా వృత్తిలోంచి ఒక ఉదాహరణ చెప్పి వస్తాను. గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతిమీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు దొరికింది. మా అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతికి! భారతీయ శాస్త్ర సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అయితే రద్దు చేయించింది అమ్మమ్మల మాట కాదు. ప్రాచీన సంస్కృత గ్రంథాలూ, 1953లో భారతీయ వైద్యసంఘం పత్రికలో అచ్చయిన వ్యాసమూ. అచ్చుకాయితం ఉంది కనుక నిలిచింది. ఆ తరువాత ప్రభుత్వం సంప్రదాయ వైద్యజ్ఞానాన్ని కంప్యూటర్లకెక్కించి పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో పెట్టింది. బందరు చెక్క అచ్చులకూ కాళహస్తి గీతలకూ అలా ఇంటింటికీ తిరిగి, ఏ అచ్చు ఎవరు చెక్కారో, ఏ ఏడాది చెక్కారో రాసిపెట్టడం అంతకంటే కష్టమేమీ కాదు. హక్కు రాకపోయినా పేరైనా మిగులుతుంది. అమెరికాలో ఒక్క మనిషి గీసిన ఒక్క బొమ్మను కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయడానికి 2020లో నిర్ణయించిన రుసుము, యాదృచ్ఛికమే కావచ్చు, 45 డాలర్లు. ఇక్కడ స్థిరపడిన మన సంఘాలు ఒక్క సాంస్కృతిక సభకు పెట్టే భోజనాల ఖర్చుతో ఎన్ని బొమ్మలు నమోదు చేయించవచ్చో లెక్క కట్టుకోవచ్చు.

మూడేళ్ళ కిందట మా ఇంటికి దగ్గరలోని పాతసామాన్ల దుకాణంలో ఒక చెక్క అచ్చు కొన్నాను. అరచేయంత టేకు ముక్క, ఒకవైపు పట్టుకోవడానికి పిడి, రెండోవైపు లత. అలంకరణ సామగ్రి అరలో ఉంది. మీద అంటించిన చీటీలో ధర, కింద ఇండియా అన్న మాట. అది బందరుదో రాజస్థాన్‌దో చెప్పగల విద్య నాకు లేదు. ఇంటికి తెచ్చి, పిల్లల రంగు పూసి కాయితంమీద వత్తి చూశాను. లత పడలేదు. అక్కడక్కడా ఆకుల కడుపులూ, పూలరేకుల మధ్యభాగాలూ మాత్రం మచ్చలుగా పడ్డాయి. అప్పుడు తెలిసింది అది రంగు నింపే అచ్చు అని. లత రూపురేఖలు వేసే అచ్చు వేరే ఉండాలి. దుకాణానికి తిరిగి వెళ్ళి అడిగాను. ఇలాంటివి పెట్టెలో కలగలుపుగా వస్తాయని, జతలు ఉండవని ఆమె చెప్పింది.